ఊపిరి తీసే గుట్టలు

జనవరిలో అక్కడ చలి సున్నాకు 20 డిగ్రీల దిగువకు జారుతుంది. చెట్టూ చేమా, కంచె, కరెంటు స్తంభం అన్నీ తెల్లటి దుప్పటి కిందే. ఊరి చివర బూడిదరంగు గుట్ట ఒకటి ఉంటుంది. దాని మీదా మంచే. కానీ పరీక్షగా చూస్తే గుట్ట మీద అక్కడక్కడ మంచు కరిగిపోయి తడిరాయి నల్లగా బయటపడి ఉంటుంది. ఆ రాళ్ళ సందుల్లోంచి గోరువెచ్చని గాలి పైకి వస్తూ ఉంటుంది, అన్నం కుండ మీద మూత ఓరగా జరిపినప్పుడు మొహానికి తగిలినట్టు.

గుట్ట లోపల నిప్పు లేదు. కుళ్ళుతున్న చెత్త లేదు. వేడినీటి ఊట లేదు. అగ్నిపర్వతం సంగతి సరేసరి, ఆ దరిదాపుల్లోనే లేదు. ఉన్నదల్లా మనుషులు తరాల తరబడి తవ్వి, పిండికొట్టి, పనికొచ్చేది ఏరుకుని, పనికిరానిదని పారబోసిన రాతిపొడి.

ఆ రాతిపొడి ఊపిరి తీస్తోంది. తెలుగులో ఆ మాటకు రెండర్థాలున్నాయి. ఈ గుట్టల విషయంలో రెండూ నిజమే.

కెనడాలో ఫ్రెంచి మాట్లాడే రాష్ట్రం క్యుబెక్. దాని రాజధాని క్యుబెక్ నగరం నుంచి దక్షిణంగా 100 కిలోమీటర్ల దూరం వస్తే ‘లెజ్ అపలాష్’ అనే సీమ తగులుతుంది. అమెరికా తూర్పు తీరం పొడవునా సాగివచ్చిన అపలాచియన్ కొండలు ఇక్కడికి వచ్చేసరికి ముసలివై, మెత్తబడి, పొలాల మధ్య అలల్లా పడుకుని ఉంటాయి. 19 చిన్న మునిసిపాలిటీలు, 40 వేల పైచిలుకు జనం. మన దగ్గర ఒక మోస్తరు మండలంలో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. పాడి ఆవులు, మేపుల్ చెట్ల తోపులు, వెండిరంగు చర్చి శిఖరాలు, వాటి వెనకాల ఎత్తుగా, చదునుగా, పచ్చదనం ఎరగని గుట్టలు. కొత్తగా వచ్చినవాళ్ళు వాటినీ కొండలే అనుకుంటారు. సింగరేణి ఓపెన్‌కాస్టుల పక్కన తవ్విపోసిన ఓబీ మట్టి గుట్టలు చూసినవాళ్ళకు మాత్రం ఆ వాలు, ఆ నిటారు అంచు చూడగానే అర్థమైపోతుంది, ఇది దేవుడు పోసిన మట్టి కాదని. అక్కడివాళ్ళు వీటిని ‘ఆల్డ్’ అంటారు.

ఊళ్ళ పేర్లలో ఒక తమాషా ఉంది. థెట్‌ఫర్డ్, బ్రౌటన్, లీడ్స్, కోల్‌రెయిన్, డిజ్రేలీ. థెట్‌ఫర్డ్, లీడ్స్ ఇంగ్లండులోవి, కోల్‌రెయిన్ ఐర్లండుది, డిజ్రేలీ అయితే సాక్షాత్తూ బ్రిటిష్ ప్రధానమంత్రి పేరు. ఇక్కడ మొదట అడవి కొట్టి గుడిసెలు వేసుకున్నవాళ్ళలో బ్రిటన్, ఐర్లండుల నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ. తర్వాత ఫ్రెంచి కుటుంబాలు వచ్చి ఊళ్ళు నింపాయి. పేర్లు అలాగే మిగిలాయి, మాట మారింది. ఇవాళ డిజ్రేలీ అంగట్లో రొట్టె కొనాలంటే ఫ్రెంచిలోనే అడగాలి.

ఈ సీమకు కూడా 2008 దాకా వేరే పేరుండేది. లామియాంత్. అంటే రాతినార.

*

రాతినార అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. గ్రీకులు ఈ ఖనిజానికి రెండు పేర్లు పెట్టారు. ఒకటి ‘అస్‌బెస్తోస్’, ఆరనిది. ఇంకోటి ‘అమియాంతోస్’, మైల అంటనిది. మొదటిది ఇంగ్లిషువాళ్ళు తీసుకున్నారు, రెండోది ఫ్రెంచివాళ్ళు. నిప్పుల్లో వేసినా కాలదు, మాసిన గుడ్డను మంటలో పడేస్తే తెల్లగా ఉతికినట్టు బయటికొస్తుంది, అందుకని ఆ పేర్లు. మధ్యయుగాల్లో యూరప్ జనం ఇది నిప్పులో బతికే సాలమాండర్ అనే జీవి బొచ్చు అని నమ్మేవారు. అబ్బే కాదు, కొండలో తవ్వితీసే ఖనిజమేనని 13వ శతాబ్దంలో మార్కో పోలో వచ్చి చెప్పాల్సొచ్చింది. తెలుగువాడు ఈ గొడవంతా పెట్టుకోలేదు. చూశాడు, రాయి. లాగాడు, నార. రాతినార అన్నాడు. మూడు పేర్లలో అబద్ధం లేనిది ఇదొక్కటే. మైల అంటనిది అన్న పేరు ఎంత పెద్ద అబద్ధమో తర్వాత తెలిసింది.

రాయి నార ఎలా అవుతుంది? దానికి ముందు సముద్రం కొండెక్కిన కథ చెప్పాలి.

దాదాపు 48 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ ఇయాపెటస్ అనే మహాసముద్రం ఉండేది. ఖండాలు దగ్గరికి జరుగుతూ దాన్ని మూసేశాయి. సముద్రపు అడుగూ ఖండపు అంచూ ఢీకొన్నప్పుడు బరువైన సముద్రపు అడుగు కిందికి దూరిపోవడం రివాజు. ఇక్కడ రివాజు తప్పింది. చాప కిందికి పోవాల్సిన నీరు చాప మీదికి ఎగబాకినట్టు, సముద్రపు అడుగులోంచి ఒక పెద్ద పెచ్చు ఊడి నేల మీదికి ఎక్కి కూర్చుంది. దాని అట్టడుగున భూమి లోతుల్లో ఉండాల్సిన ఆకుపచ్చటి బరువైన రాయి ఉంది. పెరిడొటైట్ అంటారు. పైకి రావాల్సింది కాదు, వచ్చింది. వచ్చాక నీళ్ళు తగిలాయి.

లోతులో పుట్టిన రాయికి నీళ్ళు సోకితే ఒంటి తీరే మారిపోతుంది. నీటిని తనలో కలుపుకుని ఉబ్బుతుంది, పగుళ్ళిస్తుంది, జిడ్డుగా నున్నగా పాముచర్మంలా నిగనిగలాడే ఇంకో రాయిగా మారుతుంది. అందుకే దానికి సర్పెంటైన్ అని పేరు. పగుళ్ళలో మళ్ళీ నీరు చేరి, ఆ రాతి సారమే మెల్లగా పేరుకుంటుంది. ఈసారి పలకలుగా కాదు, పోగులుగా. పగులుకు ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డంగా, పట్టు దారపు కుచ్చులా, పొడవు సాధారణంగా అంగుళం లోపే. ఆ పోగుల పేరు క్రిసోటైల్. అది కూడా గ్రీకు మాటే, బంగారు నార అని.

ఒకే సారం ఒకచోట పలక, ఇంకోచోట పోగు ఎందుకైంది? సమాధానం దర్జీ దగ్గర దొరుకుతుంది. లంగాకు అస్తరు ఒక పిసరు పొట్టిగా కుట్టారనుకోండి. పైబట్ట చక్కగా పరుచుకోదు, లోపలికి ముడుచుకుంటుంది. క్రిసోటైల్‌లో రెండు పొరలు అతుక్కుని ఉంటాయి. సిలికా పొర పొట్టిది, మెగ్నీషియం పొర కాస్త పొడవుది. ఒకదానికొకటి సరిపడక, మెగ్నీషియం బయటికీ సిలికా లోపలికీ వచ్చేలా పొర చుట్టుకుపోతుంది. అలా చాపచుట్టలా చుట్టుకుని బోలుగొట్టమవుతుంది. ఒక్కో గొట్టం అడ్డుకొలత తలవెంట్రుకలో రెండు మూడు వేల వంతు. కంటికి కనబడే ఒక్క పోగు అలాంటి లెక్కలేనన్ని చుట్టల మోపు. కుట్టుపనిలో ఒక పిసరు తేడా. దాని మీద ఒక సీమ బతికింది, ఒక తరం జనం పోయింది.

*

1876. జోసెఫ్ ఫెక్తో అనే రైతు. అడవిలో బ్లూబెర్రీలు ఏరుకోవడానికి వెళ్ళి, బండ మీద తెల్లటి కుచ్చు ఒకటి చూసి గోటితో లాగితే ఊడొచ్చిందట. థెట్‌ఫర్డ్ జనం ఇప్పటికీ చెప్పుకునే మొదటి కథ ఇది. పళ్ళ గంపలో పళ్ళతోపాటు ఆ రాయి కూడా ఇల్లు చేరింది. నాకు ఈ కథలో నచ్చేది, దాన్ని కనిపెట్టింది భూగర్భ శాస్త్రజ్ఞుడు కాదు, నాలుగు పళ్ళకోసం వంగిన మనిషి.

తర్వాత అంతా వేగంగా జరిగిపోయింది. రైలు వచ్చింది, కంపెనీలు వచ్చాయి. మొదట్లో సమ్మెట, ఉలి, గుర్రపు బండి. తవ్విన రాళ్ళను షెడ్డుల్లో ఆడపిల్లలు సుత్తులతో కొట్టి నార విడదీసేవారు. ఆవిరి యంత్రాలకూ బాయిలర్లకూ ఓడలకూ వేడి తట్టుకునే చుట్టు కావాలి. ప్రపంచానికి ఒక్కసారిగా ఈ నార ఆకలి పుట్టింది. 20వ శతాబ్దం మొదట్లో లోకం వాడిన రాతినారలో సింహభాగం ఈ చిన్న ప్రాంతం నుంచే వెళ్ళింది. ఇక్కడివాళ్ళు దాన్ని తెల్ల బంగారం అన్నారు. మనం పత్తిని అన్నట్టే. రెండు తెల్ల బంగారాలూ పండించినవాడి చేతికి ఎంత వచ్చిందన్న లెక్క అడక్కండి.

గోతులు ఊళ్ళను మింగడం మొదలుపెట్టాయి. బ్లాక్ లేక్ అని ఒక సరస్సు ఉండేది. దాని అడుగున నార ఉందని తెలిసి 1950లలో సరస్సు నీళ్ళన్నీ తోడేశారు, బురద తవ్విపోశారు. ఊరికి పేరిచ్చిన సరస్సు పోయింది, పేరు మిగిలింది. థెట్‌ఫర్డ్‌లోనూ గని అంచు జరిగిన కొద్దీ ఇళ్ళను జరుపుకుంటూ పోయారు.

అన్నిటికన్నా పెద్ద గొయ్యి ఈ సీమకు నైరుతిగా, పక్క సీమలో ఉంది. ఆ ఊరి పేరే అప్పట్లో ఆస్‌బెస్టాస్. జెఫ్రీ అనే ఆయన 19వ శతాబ్దం చివర్లో తవ్వకం మొదలుపెట్టిన గని, పెరిగి పెరిగి రెండు కిలోమీటర్ల వెడల్పు, 350 మీటర్ల లోతు అయింది. చార్మినార్ మీద చార్మినార్ ఆరు పేర్చినా అంచు అందదు. దాని కోసం వీధులకు వీధులు, ఒక చర్చితో సహా, ఖాళీ అయ్యాయి. గొయ్యి చుట్టూ మెట్లు మెట్లుగా దిగే దారి పైనుంచి చూస్తే రాక్షసుడెవడో కుండ చేద్దామని సారె తిప్పి, మధ్యలో మనసు మార్చుకుని లేచిపోయినట్టుంటుంది.

ఆ గోతిలో మరో వింత దొరికింది. పాముచర్మపు రాయిని చీల్చుకుని వచ్చిన గ్రానైటు వంటి రాళ్ళ అంచుల్లో కాల్షియం చేరి, గార్నెట్లు పుట్టాయి. కమలాతొన రంగు, తేనె రంగు, అరుదుగా మరకత పచ్చ. వాటి పక్కనే ఊదారంగు వెసువియనైట్ స్ఫటికాలు. లోకంలో పేరున్న ఖనిజ ప్రదర్శనశాలల్లో జెఫ్రీ గని గార్నెట్టు ఒకటైనా లేకపోతే లోటుగా చూస్తారు. ఆ కమలారంగు గార్నెట్టు మనకు కొత్తది కాదు. నవరత్నాల్లో ఉంది, గోమేధికం. మన జ్యోతిష్కులు రాహువుకు రాసిచ్చిన రాయి. రాహువంటే మనవాళ్ళకు సర్పం. అక్కడ అది పుట్టిందేమో సర్పపు పేరున్న రాతిలో. కాకతాళీయమే, తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

*

నార రాయిలో ఉన్నంతకాలం దాని మానాన అది ఉంటుంది. చిదిమితేనే గొడవ. ఎంత చిదిమినా అది పొడి కాదు, ఇంకా సన్నటి పోగులవుతుంది. పోగు చీలి పోగు, అది చీలి ఇంకా సన్నపోగు, చివరికి కంటికి కనబడనిది గాలిలో తేలుతుంది. ఊపిరితిత్తుల అడుగుకు దిగి అక్కడే ఉండిపోతుంది. గట్టిపడే ఊపిరితిత్తులు, కేన్సరు, ఊపిరితిత్తుల పైపొరకు పట్టే మీసోథీలియోమా. పీల్చింది ఇవాళయితే రోగం బయటపడేది 20, 30, 40 ఏళ్ళకు. అన్నేళ్ళు ఆగే శత్రువును ఎవరు గుర్తుపడతారు? గని ఊళ్ళలో కిటికీ గట్ల మీద, ఆరేసిన బట్టల మీద, కూరగాయల మళ్ళ మీద సన్నటి తెల్లపొడి పరుచుకునేది. చలికాలంలో ఒక మంచు, ఎండాకాలంలో ఇంకో మంచు.

1949 జనవరిలో ‘లె దెవ్వార్’ అనే మాంట్రియల్ పత్రిక, థెట్‌ఫర్డ్ దాపునున్న ఈస్ట్ బ్రౌటన్ మిల్లు కార్మికులను దుమ్ము ఎలా తినేసిందో బయటపెట్టింది. ఫిబ్రవరి 13 రాత్రి ఆస్‌బెస్టాస్‌లో, ఆ వెంటనే థెట్‌ఫర్డ్‌లో, దాదాపు 5,000 మంది పని ఆపేశారు. దుమ్ము అరికట్టండి, గంటకు 15 సెంట్లు పెంచండి. గని అమెరికా కంపెనీది. రాష్ట్ర ప్రధాని మోరిస్ దుప్లెసీ కంపెనీ పక్షాన నిలబడ్డాడు. పోలీసులు దిగారు. మే నెలలో చర్చి మెట్ల మీద నిలబడి అల్లర్ల చట్టం చదివి వినిపించి, గుమిగూడినవాళ్ళను పట్టుకెళ్ళారు. అప్పటిదాకా పెద్దల మాటే దేవుడి మాటగా నడిచిన రాష్ట్రంలో, మాంట్రియల్ ఆర్చిబిషప్పు జోసెఫ్ షార్బొన్నో కార్మికుల కుటుంబాలకు చందాలు పోగుచెయ్యమని గుడిపీఠం మీద నుంచే చెప్పాడు. మరుసటి ఏడాదే ఆయన పదవి నుంచి తప్పుకోవలసి వచ్చింది. సమ్మె నాలుగు నెలలు దాటి నడిచింది. చేతికొచ్చింది కొద్దిపాటి కూలి పెంపు. దుమ్ము అలాగే ఉంది. ఆ సమ్మె మీద 1956లో ఒక పుస్తకం వచ్చింది. దాని సంపాదకుడు పియర్ ట్రూడో అనే కుర్ర లాయరు, పన్నెండేళ్ళ తర్వాత దేశ ప్రధాని అయ్యాడు.

1975లో థెట్‌ఫర్డ్ మళ్ళీ సమ్మె కట్టింది, నెలల తరబడి, మళ్ళీ దుమ్ము మీదే. ఈలోగా ప్రపంచానికి విషయం తెలిసిపోయింది. ధనిక దేశాలు ఒక్కొక్కటే ఈ నారను గోడల్లోంచి పీకేయడం మొదలుపెట్టాయి. కెనడా తన ఇళ్ళలో వాడటం తగ్గించుకుంటూ, తవ్వినదాన్ని బయటికి పంపుతూ పోయింది.

బయటికంటే ఎక్కడికి? తల పైకెత్తి చూస్తే సరి. మన ఊళ్ళలో రేకుల ఇల్లు అంటే ఏ రేకు? వానకు దడదడలాడేది ఇనుప రేకు. అలలు అలలుగా, బూడిదరంగులో, ఎండకు సెగలు కక్కుతూ, పదేళ్ళకు నాచుపట్టి నల్లబడేది సిమెంటు రేకు. ఆ సిమెంటును పట్టి ఉంచేది రాతినార. పాఠశాల వరండా, కోళ్ళఫారం, పొలంలో మోటారు గది, బస్టాండులో హోటలు, పెళ్ళయిన కొడుకుకు మేడ మీద వేసిచ్చిన గది. పూరింటికి నిప్పంటుకునే భయం నుంచి ఆ రేకే మనల్ని తప్పించిందన్నది కూడా నిజం. గుడిసె కాలిపోవడం కళ్ళారా చూసినవాళ్ళకు రేకు విలువ వేరే. క్యుబెక్ గనులు చివరి రోజుల్లో నమ్ముకున్న పెద్ద కొనుగోలుదారుల్లో భారతదేశం ఒకటి.

ఇంకో సంగతి. ఈ నార మన నేలలోనూ ఉంది. కడప జిల్లా పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె చుట్టుపట్ల. అక్కడ సముద్రం కొండెక్కిన కథ లేదు. వేంపల్లె సున్నపు రాతి పొరల్లోకి కింది నుంచి కరిగిన నల్లరాయి చొచ్చుకొచ్చి, ఆ వేడికీ నీటికీ మెగ్నీషియం ఉన్న ఆ సున్నపురాయి సర్పెంటైన్‌గా మారి, పగుళ్ళలో అదే క్రిసోటైల్ పుట్టింది. దారులు వేరు, చేరిన చోటు ఒకటి. 1986లో మన ప్రభుత్వం రాతినార గనులకు కొత్త లీజులు ఇవ్వడం ఆపింది. దిగుమతి మాత్రం ఆపలేదు. ఇంట్లో తవ్వితే ప్రమాదం, ఓడలో వస్తే సరుకు. కెనడా లెక్క దీనికి తిరగేసిన బొమ్మ. ఎవరిని తప్పుపట్టాలో నాకు తెలియలేదు. ఇద్దరినీ అనుకుంటా.

2011లో థెట్‌ఫర్డ్ వైపు చివరి గని మూతపడింది. అదే కాలంలో జెఫ్రీ గని కూడా ఆగింది. దాన్ని మళ్ళీ తెరవడానికి 2012లో క్యుబెక్ ప్రభుత్వం 5 కోట్ల 80 లక్షల డాలర్ల అప్పు ఇస్తానంది. ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారింది, అప్పు మాట వెనక్కి పోయింది. 2018 ఆఖర్లో కెనడా ఈ నారను నిషేధించింది.

మిగిలింది పేరు. ఊరి పేరు ఆస్‌బెస్టాస్ అని చెబితే బయటివాళ్ళు ఒకడుగు వెనక్కి వేసేవారు. 2020లో ఓటు పెట్టారు, 14 ఏళ్ళు దాటిన పిల్లలకు కూడా. ముందిచ్చిన పేర్ల జాబితా జనానికి నచ్చలేదు. అందులో ఒకటి అక్కడి తాబేలు జాతి పేరు. ఊళ్ళో గోల లేచింది, జాబితా మార్చారు. చివరికి సగానికి ఓ పిసరు మించిన ఓట్లతో వాల్-దె-సూర్స్ గెలిచింది. ఊటల లోయ అని అర్థం. ఫ్రెంచివాడికి ‘ఆస్‌బెస్టాస్’ ఎప్పుడూ సొంత మాట కాదు, తన మాట అమియాంత్. వందేళ్ళకు పైగా పరాయి భాషలో ఉన్న పేరు అది. అయినా చాలామంది దాన్ని వదలడానికి బాధపడ్డారు. తాత పనిచేసిన గని పేరు, ఆయన్ను చంపిన గని పేరు, రెండూ ఒకటే అయినప్పుడు మనిషి ఏం చేస్తాడు?

*

గుట్టల మీద గడ్డి ఎందుకు మొలవదంటే, ఆ పొడిలో మెగ్నీషియం మోపెడు, కాల్షియం చిటికెడు. నికెల్, క్రోమియం అదనం. మొక్కకు ఇది ఉప్పెక్కువై పప్పు లేని పులుసు. మామూలు విత్తనం తల ఎత్తదు. కానీ ఏ కరువు నేలకైనా దాన్నే ఇష్టపడే ప్రాణి ఒకటుంటుంది. ఈ పాముచర్మపు రాయినే వెతుక్కుని బతికే సన్నటి ఫెర్ను ఒకటుంది. నల్లటి నిగనిగలాడే కాడ, విసనకర్రలా విచ్చుకునే ఆకు. మనవాళ్ళు వైద్యంలో వాడే హంసపదికి దగ్గరి చుట్టం. లోకంలో ఇది అమెరికా వెర్మాంట్ కొండల్లోనూ, సరిహద్దుకు ఇవతల క్యుబెక్‌లోనూ సర్పెంటైన్ నేలల మీద తప్ప దాదాపు ఎక్కడా కనబడదు. ఇది వేరే జాతి అని శాస్త్రజ్ఞులు తేల్చింది 1991లోనే. పాత గని తవ్వకాలను, విరిగిన రాళ్ళను, రోడ్డు కోసిన గట్లను కూడా వదలకుండా పట్టుకుని పెరుగుతుంది. మనిషి పాడుచేసిన చోటు దానికి పుట్టిల్లయింది.

సీమ దక్షిణపు అంచున ఫ్రాంతెనాక్ అరణ్యం, సెయింట్ ఫ్రాన్సిస్ పెద్దసరస్సు ఉన్నాయి. అక్కడ బురదనేల మీద చెక్క వంతెన వేసి ఉంది. కింద వేల ఏళ్ళుగా చచ్చి కుళ్ళని నాచు. అదీ బీదనేలే. అక్కడి మొక్కలు నేలనడగడం మానేసి ఆకాశాన్ని అడుగుతున్నాయి. ఎర్రటి ఈనెలున్న కూజాల్లాంటి ఆకులు నోరు తెరిచి వాననీళ్ళు పట్టుకుంటాయి. దోమో ఈగో లోపలికి జారితే కిందికి తిరిగిన నూగు దాన్ని పైకి రానివ్వదు. పక్కనే వేలెడంత డ్రోసెరా, ప్రతి నూగు కొసనా జిగురు బొట్టుతో, పొద్దుటి ఎండలో మంచుబిందువుల్లా మెరుస్తూ మోసం చేస్తుంది.

మార్చి వచ్చిందంటే మేపుల్ తోపుల్లో చెట్లకు బెజ్జాలు పెడతారు. రాత్రి గడ్డకట్టాలి, పగలు కరగాలి. ఆ రెండింటి మధ్య ఒత్తిడే చెట్టులోంచి తియ్యని నీరు నెడుతుంది. వరసగా వెచ్చబడినా, వరసగా గడ్డకట్టినా చుక్క రాదు. కల్లుగీతవాళ్ళకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు, చెట్టుకూ ఋతువుకూ మధ్య నడిచే బేరం వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. 40 లీటర్ల నీరు మరిగితే ఒక లీటరు పాకం. గనులకు ముందు ఈ సీమ దీంతో, పాలతో, కలపతో బతికింది. గనుల తర్వాత మళ్ళీ చాలావరకు వీటితోనే బతుకుతోంది. థెట్‌ఫర్డ్‌లో కింగ్ గని షాఫ్టు మీది ఎత్తైన కట్టడం ఇప్పుడు చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం తెరిచి ఉంది. 1976 నుంచి ఖనిజాల మ్యూజియం కూడా ఉంది. అద్దాల వెనక నార కుచ్చులు పట్టులా మెరుస్తుంటాయి. అద్దం ఉండటం మంచిదే.

గోతులు మెల్లగా నిండుతున్నాయి. పంపులు ఆపేశాక నేలలోని నీరు, కరిగిన మంచు, వాన అన్నీ కలిసి అడుగున చేరి పైకి లేస్తున్నాయి. ఆ నీటి రంగు చూస్తే నమ్మబుద్ధి కాదు, నెమలికంఠపు పచ్చ, కొన్ని వేళల్లో నీలి. బూడిద గోడల మధ్య ఆ రంగు అచ్చం తెల్లచీరకు అంచు కట్టినట్టు. సరస్సును తోడేసి గొయ్యి చేసిన సీమకు గోతులు మళ్ళీ సరస్సులై వస్తున్నాయి.

*

ఇక ఆ వెచ్చని గాలి.

సర్పెంటైన్‌లో ఉన్న మెగ్నీషియం గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుని కార్బొనేటు రాయిగా మారుతుంది. ప్రకృతిలో ఇది యుగాల తరబడి నడిచే పని, ఎందుకంటే కొండ మొత్తంలో గాలికి తగిలేది పైచర్మం మాత్రమే. కానీ ఇక్కడ మనుషులు కొండను పిండి చేశారు. వంద పాళ్ళు రాయి తవ్వితే నార పది పాళ్ళు కూడా లేదు, మిగతాదంతా పొడి. థెట్‌ఫర్డ్, వాల్-దె-సూర్స్ ప్రాంతాల్లో కలిపి ఇలా పోగుపడింది దాదాపు 80 కోట్ల టన్నులు. ప్రతి రేణువూ గాలికి తగులుతోంది.

లావాల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇక్కడి ఒక గుట్ట మీద చలికాలంలో వెచ్చగా వచ్చే గాలిని పట్టి కొలిచారు. అప్పటి మామూలు గాలిలో పది లక్షల పాళ్ళకు కార్బన్ డయాక్సైడు 400కు కాస్త తక్కువ. గుట్టలోంచి వచ్చే గాలిలో పదికన్నా తక్కువ. లోపలికి వెళ్ళిన గాలి దాదాపు కడిగినట్టు బయటికొస్తోంది. రాయి కార్బన్‌ను పట్టుకునేటప్పుడు వేడి పుడుతుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, గుట్ట పక్కల నుంచి చల్లగాలి లోపలికి లాక్కోబడుతుంది, పొగగొట్టంలో లాగినట్టు. ఎవరూ కట్టని పొయ్యి, ఎవరూ వెయ్యని కట్టె. అందుకే అక్కడ మంచు నిలవదు.

దీన్ని చూసి ఆశపడేవాళ్ళు ఉన్నారు, ఈ గుట్టలు తవ్వి మెగ్నీషియం తీద్దామనేవాళ్ళూ ఉన్నారు. 2000లో ఆస్‌బెస్టాస్ పక్కన డాన్విల్‌లో అలాంటి పెద్ద ఫ్యాక్టరీ ఒకటి మొదలై మూడేళ్ళకే మూతపడింది. తవ్వితే దుమ్ము లేస్తుంది, ఆ పొడిలో ఇంకా నార ఉంది. కదపకపోతే వానకు కొట్టుకుపోయి నదిలో కలుస్తుంది, బెకాన్‌కూర్ నది పైభాగానికి ఆ సంగతి బాగా తెలుసు. సీమ పంచాయితీ ఇప్పుడు దీని మీదే.

గుట్ట మాత్రం ఆగలేదు. కొన్నిచోట్ల దాని పైన తెల్లటి పెచ్చు కడుతోంది, పాత గోడకు సున్నం పేరుకున్నట్టు. గోటితో గీరితే రాలదు. పీల్చిన గాలితో గుట్ట తయారుచేసుకున్న రాయి అది. రేణువుకూ రేణువుకూ మధ్య పేరుకుని, వదులుగా ఉన్న పొడిని ముద్ద కట్టిస్తోంది. ఆ ముద్దలో, గాలికి లేవాల్సిన నార పోగులు కూడా కొన్ని చిక్కుకుని ఉన్నాయి.